పాత మెయిళ్ళు ఎందులో దాచాలి: ఎంబాక్సా, ఈఎంఎల్లా, పీడీఎఫ్ఫా?

(చెన్నై మైలాపూర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు వాళ్ళ మీటింగులో చెప్పింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడినట్టే ఉంచాం.)

వెనక వాళ్ళకి వినపడతా ఉందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తావా బాబూ, మైకులో గాలి కొడతా ఉంది. ఆఁ, చాలు.

అందరికీ నమస్కారం అండి. ఏం మాట్లాడమంటారు అని అడిగితే ఏదో ఒకటి కంప్యూటర్ గురించి చెప్పండి సార్ అన్నారు, కంప్యూటర్ అంటే ఇప్పుడు అందరూ ఏఐ గురించే వినాలనుకుంటారు, నాకు అది రాదు. నేను ఇరవై ఆరేళ్ళు గిండీలో ఒక ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకున్న మనిషిని. సర్వర్ నడిచినన్నాళ్ళు నేనెవరో ఎవరికీ తెలీదు, ఆగిన రోజు మాత్రం ఎండీ దగ్గర్నుంచి టీ ఇచ్చే అబ్బాయి దాకా అందరి నోట్లో నా పేరే. (నవ్వులు) అందుకని నాకు తెలిసిన మెయిల్ గురించే చెప్తా, అందులోనూ పాత మెయిళ్ళు ఎట్లా దాచుకోవాలి అనేదొక్కటే.

పాత మెయిళ్ళు ఎందుకు దాచుకోవాలి అని మా అమ్మాయి కూడా అడిగింది. దానికి నా కథ ఒకటి చెప్పాలి, నేను చేసిన వెధవ పని అది, ఇంకెవర్నీ అనడానికి లేదు.

మా నాయన నెల్లూరులో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. 2001లో ట్రంకు రోడ్డు పక్కన ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి మెయిల్ పంపడం నేర్చుకున్నాడు, అరవై ఏడేళ్ళ వయసులో. తెలుగు టైపింగ్ ఎక్కడిది అప్పుడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాడు. అమ్మాయి అనే మాటని ఒకసారి ఒక ఏ పెట్టి, ఒకసారి రెండు ఏలు పెట్టి, ఒకసారి వై లేకుండా, ఒకే మెయిల్లో మూడు రకాలుగా రాసేవాడు, పిల్లకాయల డిక్టేషన్లో అక్షరం పోతే తొడపాశం పెట్టిన మనిషి. 2007 దాకా వారానికొకటి, కొన్నిసార్లు రెండు. ఆయన పోయాక 2009లో నేనేం చేశానంటే, పెద్ద తెలివైనోడినని, ఆ మెయిళ్ళన్నీ ఒక్కొక్కటి తెరిచి పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి ఫోల్డర్లో పెట్టుకున్నా. నాలుగు వందల చిల్లర. పెట్టుకుని, ఇంక ఇవి ఉన్నాయి కదా అని అసలు అకౌంట్ క్లీన్ చేసేశా. అప్పట్లో మనకి డబ్బా ఖాళీ చేసే అలవాటు ఉండేది, గుర్తుందా, జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చి ఒక జీబీ ఇస్తాం అంటే అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు, అప్పుడు హాట్‌మెయిల్లో రెండు ఎంబీ, యాహూలో నాలుగు ఎంబీ. తుడిచి తుడిచి బతికిన చెయ్యి, తుడిచేసింది.

2016లో మా పెద్దమ్మ కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, అబ్బయా, బాబాయ్ వంశవృక్షం రాసినాడు కదా, అది నీ దగ్గర ఉందా అన్నాడు. ఉంది ఉంది అని పీడీఎఫ్ తెరిచా. మెయిల్ ఉంది. 'వంశవృక్షం పంపుతున్నాను, తప్పులుంటే రాయి' అని ఉంది. కింద పేపర్ క్లిప్పు బొమ్మ, పక్కన ఫైలు పేరు, దాని పక్కన 312 కేబీ అని. అంతే. క్లిప్పు మీద క్లిక్ చేస్తే ఏమొస్తది, అది బొమ్మ. పీడీఎఫ్ అంటే మెయిల్‌కి ఫోటో తీసినట్టు. పెళ్ళి భోజనం ఫోటో చూస్తే కడుపు నిండదు కదా.

అప్పట్నుంచి నాకు ఒకటే లెక్క. దాచేది వేరు, చూసుకునేది వేరు. చూసుకునేదానికి పీడీఎఫ్ చేసుకోండి, ప్రింట్ తీసి పూజగదిలో పెట్టుకోండి, నాకేం. దాచేది మాత్రం వచ్చింది వచ్చినట్టు ఉండాలి.

వచ్చింది వచ్చినట్టు అంటే ఏందో చూద్దాం. జీమెయిల్ కంప్యూటర్లో తెరిచి ఏ మెయిల్ పక్కనైనా మూడు చుక్కలు నొక్కితే షో ఒరిజినల్ అని వస్తది, ఇంటికి పోయి నొక్కి చూడండి. లోపల ఉండేదంతా అక్షరాలే. మెయిల్ అంటే ఉత్త టెక్స్ట్ అండి, బొమ్మ ఉన్నా పాట ఉన్నా సరే. ఎట్లా రాయాలి అనేది 1982లో ఆర్ఎఫ్‌సీ 822 అనే నియమాల పత్రంలో రాసిపెట్టారు, తర్వాత 2001లో, 2008లో మళ్ళీ దిద్దారు, కానీ అస్థిపంజరం అదే. పైన హెడర్లు, ఒక ఖాళీ లైను, కింద విషయం. మన ఇన్లాండ్ లెటర్ మాదిరే. ఆ హెడర్లలో రిసీవ్డ్ అని నాలుగైదు లైన్లు ఉంటాయి చూడండి, అవి పోస్టాఫీసు ముద్రలు. ఉత్తరం గూడూరులో ఒక ముద్ర, మద్రాసులో ఒక ముద్ర వేయించుకుని వచ్చేది కదా, అట్లా ప్రతి సర్వరూ తన ముద్ర కొట్టి పైకి పేర్చుకుంటా పోతది, అందుకే కింద నుంచి పైకి చదవాలి. టైము పక్కన ప్లస్ 0530 అని ఉంటే మన దేశం గడియారం. ఇంకా మెసేజ్ ఐడీ అని ఒకటి, ఇన్ రిప్లై టు అని ఒకటి, ఏ ఉత్తరానికి ఏది జవాబో కలిపే దారం అదే. పీడీఎఫ్ చేస్తే ఈ ముద్రలన్నీ పోతాయి, కవర్ చించేసి లోపలి కాగితం ఒక్కటీ పెట్టుకున్నట్టు.

ఇది ఊరికే సెంటిమెంటు కాదు, చట్టంలో కూడా ఉంది. ఐటీ యాక్ట్ 2000లో సెక్షన్ 7 ఏం చెప్తదంటే, ఎలక్ట్రానిక్ రికార్డు దాచాలంటే పుట్టిన ఫార్మాట్‌లోనో, లేకపోతే అసలుని ఉన్నది ఉన్నట్టు చూపించే ఫార్మాట్‌లోనో దాచాలి, ఎక్కడ్నుంచి వచ్చింది ఎక్కడికి పోయింది ఏ రోజు ఏ టైము అనే వివరాలు కూడా ఉండాలి అని. ఆస్తి తగాదాలు ఉన్నవాళ్ళు రాసుకోండి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ముందు వరసలో ఇద్దరు నిజంగానే రాసుకున్నారు.

సరే, ఇప్పుడు పేర్లు. ఈఎంఎల్ అంటే ఒక మెయిల్ ఒక ఫైలు, ఇప్పుడు చెప్పిన ఆ టెక్స్ట్ అంతా అట్లాగే ఒక ఫైల్లో పెట్టడం. దీనికంటే సింపుల్ ఇంకోటి లేదు. ఎంబాక్స్ అంటే అవే మెయిళ్ళు ఒకదాని కింద ఒకటి అతికించుకుంటా పోయి మొత్తం ఒకే పెద్ద ఫైలు చెయ్యడం, యూనిక్స్ కాలం నుంచి ఉంది, మా సర్వర్ రూములో మొదట్లో అంతా ఇదే. థండర్‌బర్డ్ అని కంప్యూటర్లో మెయిల్ చదివే ఉచిత ప్రోగ్రాం ఉంది, దాని లోపల మామూలుగా వాడేది ఇదే, మన డేటా మనం దించుకోవడానికి గూగుల్ పెట్టిన టేకౌట్ నుంచి జీమెయిల్ దించుకుంటే వచ్చేదీ ఇదే.

మరి ఒకే ఫైల్లో యాభై వేల మెయిళ్ళు అతికిస్తే ఒకటి ఎక్కడ ఐపోయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అని ఎట్లా తెలుస్తది? ఇక్కడుంది తమాషా. ఖాళీ లైను తర్వాత లైను మొదట్లో ఫ్రమ్ అని, కోలన్ లేకుండా, పక్కన ఒక స్పేస్ వచ్చిందంటే కొత్త మెయిల్ మొదలైనట్టు లెక్క. అంతే రూలు. మా నాయనకి ఇంగ్లీషులో ఫ్రమ్‌తో వాక్యం మొదలుపెట్టే జబ్బు ఉండేది, హెడ్మాస్టర్ ఇంగ్లీషు. 'ఫ్రమ్ విజయవాడ ఐ విల్ టేక్ పినాకిని' అని ఒక పేరా మొదలుపెట్టాడు అనుకోండి, సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటది? ఓహో ఇక్కడ ఒక మెయిల్ ఐపోయింది, విజయవాడ అనే ఆయన దగ్గర్నుంచి కొత్త మెయిల్ వచ్చింది అనుకుంటది. అట్లా కాకుండా ఆ ఫ్రమ్ ముందు ఒక బాణం మొన, అదే గ్రేటర్ దేన్ గుర్తు, చేరుస్తారు. పాత మెయిళ్ళలో ఉన్నట్టుండి ఒక లైను ముందు ఆ గుర్తు కనపడితే అది రాసినాయన పెట్టింది కాదు, ఎంబాక్స్ పెట్టింది. మళ్ళీ తీసేటప్పుడు దాన్ని తీసెయ్యాలి, కొన్ని సాఫ్ట్‌వేర్లు తీస్తాయి, కొన్ని తియ్యవు, అసలు ఎంబాక్స్ అనే పేరు కిందే ఎంబాక్స్ఓ, ఎంబాక్స్ఆర్‌డీ, ఎంబాక్స్‌సీఎల్, సీఎల్2 అని నాలుగు రకాలు ఉన్నాయి, నలుగురన్నదమ్ములకీ ఒకే ఇంటిపేరు, ఎవడి పద్ధతి వాడిది. ఆర్‌డీ అనేవాడు బుద్ధిమంతుడు, ముందే ఆ గుర్తు ఉన్న లైనుకి కూడా ఇంకోటి చేరుస్తాడు, కాబట్టి వెనక్కి తీసేటప్పుడు సరిగ్గా అసలుది వస్తది. మొదటివాడి దగ్గర ఏది అసలు గుర్తో ఏది చేర్చిందో తేలదు.

అక్షరం తేడా వస్తే కొంప మునిగిందా అంటే మనలాంటి వాళ్ళకి మునగదు. కానీ మెయిల్‌కి డీకేఎంఎస్... సారీ, డీకేఐఎం అని సంతకం ఒకటి ఉంటది, ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చింది, దారిలో ఎవడూ మార్చలేదు అని చెప్పేది, అక్షరం మారితే ఆ సంతకం కలవదు.

పెద్ద ఫైలుతో ఇంకో తలనొప్పి, పెన్ డ్రైవ్. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన, మన తెలుగాయనే, టేకౌట్ చేస్తే ఎంబాక్స్ 11 జీబీ వచ్చింది, 64 జీబీ పెన్ డ్రైవ్‌లో ఎక్కడం లేదు, డ్రైవ్ పాడైంది సార్ అని పట్టుకొచ్చాడు. డ్రైవ్‌కేం కాలేదు, అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసిస్తే ఎక్కింది. ఈఎంఎల్ ఐతే దీనికి తిరగబడిన బాధ, అరవై వేల చిన్న చిన్న ఫైళ్ళు, కాపీ పెట్టి పోయి ఫిల్టర్ కాఫీ తాగి, మైలాపూర్ ట్యాంకు చుట్టూ ఒక రౌండ్ కొట్టి వచ్చినా ఇంకా నడుస్తానే ఉంటది. కాకపోతే ఒకటి, ఈఎంఎల్లో ఒక ఫైలు చెడిపోతే ఒక మెయిలే పోతది, ఎంబాక్స్‌లో మధ్యలో చెడితే దాని ఇండెక్స్ కలవక గందరగోళం అవుతది. మొత్తం పోదు, ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు, కానీ తీసే మనిషి కావాలి.

మెయిల్‌డిర్ అని ఇంకోటి ఉంది, క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసిన బెర్న్‌స్టీన్ తెచ్చింది, టీఎంపీ, న్యూ, కర్ అని మూడు ఫోల్డర్లు, మెయిల్‌కొక ఫైలు. సర్వర్‌కి బంగారం అది. ఇంట్లో దాచుకోవడానికి నేను చెప్పను, ఎందుకంటే చదివామా లేదా అనే సంగతి ఫైలు పేర్లోనే కోలన్ పెట్టి రాస్తది, విండోస్ ఫైలు పేర్లో కోలన్ ఒప్పుకోదు.

ఇంక పీఎస్టీ. చేతులెత్తండి, ఇంట్లో పీఎస్టీ ఫైళ్ళు ఉన్నవాళ్ళు ఎంతమంది? అబ్బో. అందరూ ఐటీ వాళ్ళే మరి. పీఎస్టీ అంటే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రాం అవుట్‌లుక్ వాళ్ళ సొంత డబ్బా. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చీమల బారు కనపడతది తప్ప చదవడానికి ఏమీ ఉండదు. పాత రకం పీఎస్టీకి 2 జీబీ హద్దు ఉండేది, అవుట్‌లుక్ 2003 నుంచి కొత్త రకం వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2010లో ఆ ఫార్మాట్ లోపల ఏముందో డాక్యుమెంటు బయట పెట్టారు, కాబట్టి ఇప్పుడు అవుట్‌లుక్ లేకపోయినా తెరవచ్చు, లిబ్‌పీఎస్టీలో రీడ్‌పీఎస్టీ అని ఉచిత టూల్ ఉంది, లైనక్స్‌లో ఒక కమాండ్ కొడితే ఎంబాక్స్ చేసి పెడతది. మా పెద్దమ్మ కొడుకు దగ్గర సీడీలో పాత పీఎస్టీ ఒకటి దొరికింది, మా నాయన ఆ వంశవృక్షం మెయిల్ వాడికి కూడా సీసీ పెట్టాడంట. నా పీడీఎఫ్‌లో సీసీ లైను కూడా లేదండి, నేను ప్రింట్ చేసిన వెబ్ పేజీలో అది ముడుచుకుని ఉంది, విప్పకుండా ప్రింట్ కొట్టేశా! ఆ సీడీ కొరియర్లో తెప్పించి, రీడ్‌పీఎస్టీ కొట్టి, ఎంబాక్స్‌లో వెతికితే, 312 కేబీ, జిప్పు ఫైలు, నిక్షేపంగా ఉంది.

కథ ఐపోలేదు. జిప్పు విప్పితే లోపల పేజ్‌మేకర్ ఫైలు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అది. నెల్లూరులో డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించాడు. అను ఫాంట్లు యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న నంబరు ఉండే పద్ధతి, కాదు కదా, ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు అతికించిన వ్యవహారం, ఆ ఫాంటు లేకుండా తెరిస్తే డాలర్లు, బ్రాకెట్లు, పిచ్చి గీతలు. ట్రిప్లికేన్‌లో ఒక ప్రెస్సులో ఇంకా పాత మిషన్‌లో పేజ్‌మేకర్, అను రెండూ ఉన్నాయి అంటే పోయి తెరిపించా. ఆరు తరాలు ఉన్నాయి. తప్పులూ ఉన్నాయి, మా మేనత్త పేరే వదిలేశాడు, అది వేరే గొడవ. (నవ్వులు) చెప్పొచ్చేదేందంటే మెయిల్ ఫార్మాట్ సరిగ్గా ఎంచుకున్నా లోపలి అటాచ్‌మెంట్‌కి మళ్ళీ దాని ఫార్మాట్ దానికి ఉంటది, కాబట్టి ముఖ్యమైన అటాచ్‌మెంట్ ఉంటే అసలు ఫైలు కదపకుండా పక్కన పీడీఎఫ్ కాపీ ఒకటి పెట్టండి. పీడీఎఫ్‌ని నేను తిట్టింది మెయిల్‌కి బదులుగా వాడితేనే, ఇక్కడ ఐతే అది దేవుడు.

తెలుగులో రాసిన మెయిళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, ఇది ఇంగ్లీషు వాళ్ళ చర్చల్లో రాదు, మన బాధ మనదే. మెయిల్ అంటే టెక్స్టే అన్నాను కదా, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవచ్చు అనుకుంటారు, తెలుగు మెయిల్ తెరిస్తే చదవలేరు. ఎందుకంటే పాత మెయిల్ దారులు ఇంగ్లీషు అక్షరాల కోసమే వేసినవి, తెలుగు అక్షరాన్ని ఆ దారిలో పంపాలంటే మూట కట్టాలి, 1992లో మైమ్ అని వచ్చింది, ఆ మూట కట్టే పద్ధతుల్లో ఒకటి బేస్64. యూనికోడ్ అక్షరాల్ని కంప్యూటర్లో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు, బేస్64 మూడు బైట్లని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చేస్తది. అ అంటే నాలుగు, ఎల్, సీ, ఎఫ్. మ అంటే నాలుగు, ఎల్, సీ, చిన్న యూ. కింద వత్తు రావడానికి మధ్యలో ఒక పొల్లు ఉంటది కదా, దానికి నాలుగు, ఎల్, జీ, ఎన్. అంటే అమ్మ అని రాస్తే ఫైల్లో పదహారు అక్షరాలు, అన్నీ నాలుగు ఎల్, నాలుగు ఎల్ అని వరసగా. ఈసారి మెయిల్ ఒరిజినల్లో ఆ వరస కనపడితే అక్కడ తెలుగు ఉందని గుర్తుపట్టండి, నేను అట్లాగే పడతా. మధ్యలో స్పేస్ వచ్చిందా, లెక్క జరిగిపోయి అదే అమ్మ ఇంకో రకంగా కనపడతది. కాబట్టి ఎంబాక్స్ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగులో వెతికి, దొరకలేదు, మెయిల్ పోయింది అని ఏడవకండి. థండర్‌బర్డ్‌లోకి ఎక్కించి వెతకండి, అది మూట విప్పి వెతుకుతది. మా నాయన మెయిళ్ళు ఐతే నోట్‌ప్యాడ్‌లోనే దొరుకుతాయి, ఇంగ్లీషు అక్షరాలు కాబట్టి. కాకపోతే అమ్మాయి కోసం మూడు సార్లు వెతకాలి.

మరి మూట కట్టింది, నోట్‌ప్యాడ్‌లో చదవలేం అన్నప్పుడు పీఎస్టీకీ దీనికీ తేడా ఏంది అని ఆ కళ్ళజోడు బాబు మొహంలో కనపడతా ఉంది. తేడా ఉంది నాయనా. ఈ మూట ఎట్లా విప్పాలో ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ తెలుసు, పైథాన్ నేర్చుకునే కాలేజీ పిల్లోడు పది లైన్లలో విప్పుతాడు, దాంట్లో మెయిల్‌బాక్స్ అని మాడ్యూలే ఉంది. ఎవరి పర్మిషనూ అక్కర్లా, లైసెన్సు అక్కర్లా. మన ఊర్లోనే ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ ఉంది కదా, 1869ది, బ్రౌన్ దొర పోగు చేసిన తెలుగు ప్రతులు ఉన్నాయి అందులో. ఆయన పండితుల్ని జీతానికి పెట్టుకుని ఒకే కావ్యానికి నాలుగైదు తాటాకు ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, కాగితం మీద రాయించాడు. తాటాకు చదవడానికి మిషన్ అక్కర్లా, లిపి వస్తే చాలు, అందుకే రాయించగలిగాడు. ఆ తాటాకులు ఏదో కంపెనీ పెట్టెలో ఉండి, పెట్టె తాళం ఆ కంపెనీ దగ్గరే ఉండి, కంపెనీ మూతపడి ఉంటే బ్రౌన్ మాత్రం ఏం చేస్తాడు?

ఇప్పుడు నేనేం చేస్తానో చెప్తా, మీ ఇష్టం మీది. ఏడాదికొకసారి, సంక్రాంతి సెలవల్లో, టేకౌట్ పెట్టి మెయిల్ ఒక్కటే టిక్ కొట్టి దించుకుంటా. లింకు వచ్చాక ఆలస్యం చెయ్యను, వారంలో అది పనిచెయ్యడం మానేస్తది. వచ్చిన ఎంబాక్స్‌ని జిప్పు విప్పి, రీడ్ ఓన్లీ చేసి పక్కన పెడతా, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ నేరుగా తెరవను, అది మూలవిరాట్టు. దానికి కాపీ తీసి, ఆ కాపీని థండర్‌బర్డ్‌లో ఎక్కించి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అని యాడ్ ఆన్ ఉంది, దాంతో మనుషుల మెయిళ్ళు మాత్రం, నాయనవి, అమ్మాయివి, స్నేహితులవి, ఈఎంఎల్ చేసి ఏడాది ఏడాది ఫోల్డర్లలో పెడతా. అది ఉత్సవ విగ్రహం, ఊరేగించుకోవచ్చు, పాడైనా ఇంకోటి చేసుకోవచ్చు. బ్యాంకు మెయిళ్ళు, ఆఫర్లు, మీ ఆర్డర్ బయల్దేరింది, ఇవన్నీ ఏరాలని కూర్చోకండి, జీవితం చాలదు, ఎంబాక్స్‌లో పడి ఉంటాయి, ఉండనివ్వండి. జీమెయిల్ లేబుళ్ళు కూడా పోవు, ప్రతి మెయిల్ హెడర్లో ఎక్స్ జీమెయిల్ లేబుల్స్ అని రాసే పంపిస్తది గూగుల్, అది బాగుంటది.

ఫైలుకి షా256 తీసి ఒక కాగితం మీద రాసి పెడతా. ఫైలు వేలిముద్ర అనుకోండి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీసి పోల్చితే ఒక్క అక్షరం మారినా పట్టిస్తది. 2024 జులై 1 నుంచి నడుస్తున్న కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్లో కూడా ఈ వేలిముద్ర, దీన్నే హ్యాష్ అంటారు, వెయ్యాలి, కాబట్టి ఇదేదో ముసలోడి చాదస్తం అనుకోకండి.

ఇంక కాపీలు. 2015 డిసెంబర్ చెన్నై వరదలప్పుడు నేను వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్. ఇంక చెప్పేదేముంది, ఇక్కడ సగం మందికి తెలుసు. రెండు హార్డ్ డిస్కులు ఒకే బీరువాలో కింద అరలో, నడుం లోతు నీళ్ళు. ఏ ఫార్మాట్ ఐతే ఏంది, రెండూ పోయాయి. బతికింది నెల్లూరులో మా తమ్ముడి ఇంట్లో ఇచ్చిన మూడోది. కాబట్టి ఒక కాపీ ఊరు దాటాలి, అది కూడా సముద్రానికి కొంచెం దూరంగా. (నవ్వులు)

అడగండి, టైముంది.

(ప్రశ్న: గూగుల్ దాస్తానే ఉంది కదా సార్, మనం ఎందుకు దించుకోవాలి?)

దాస్తది, నువ్వు వాడినన్నాళ్ళు. రెండేళ్ళు అకౌంట్ ముట్టుకోకపోతే తీసెయ్యొచ్చు అని వాళ్ళ రూలు, 2023 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టారు. యాహూ గ్రూప్స్‌లో మన తెలుగు వాళ్ళు ఎన్నెన్ని వాదించుకున్నారు, 2020లో మొత్తం మూసేశారు, దించుకున్నవాడి దగ్గరే ఉన్నాయి ఇప్పుడు. వాళ్ళని అనడం కాదు, అది వాళ్ళ ఇల్లు, మనం అద్దెకున్నాం.

(ప్రశ్న: ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌వి డీబీఎక్స్ ఫైళ్ళు ఉన్నాయి, ఎక్స్‌పీ కంప్యూటర్లో.)

ఆ కంప్యూటర్ ఇంకా లేస్తా ఉందా? అయితే ఈ వారంలోనే చెయ్యండి సార్, రేపు మాపు అనొద్దు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిచి, మెయిళ్ళన్నీ సెలెక్ట్ చేసి మౌసుతో లాగి బయట ఒక ఫోల్డర్లో వదిలితే ఈఎంఎల్ ఫైళ్ళుగా పడతాయి. అంతే, టూల్ కూడా కొనక్కర్లా. వేల మెయిళ్ళుంటే కొంచెం కొంచెంగా లాగండి, ముసలి మిషన్, ఆయాసపడతది.

(ప్రశ్న: ఆఫీసు మెయిళ్ళు కూడా ఇట్లాగే దాచుకోవచ్చా?)

వద్దు. అవి నీవి కాదు, కంపెనీవి. ఇరవై ఆరేళ్ళు అటు పక్కన కూర్చున్నవాడిని, ఎవరు వెళ్ళే ముందు ఎంత కాపీ కొట్టారో లాగ్‌లో కనపడతా ఉంటది బాబూ.

అమ్మా, మీరు చెయ్యెత్తారు.

(ప్రశ్న: మా వారు పోయారు. ఆయన జీమెయిల్ పాస్‌వర్డ్ డైరీలో ఉంది, నేను ఎప్పుడూ తెరవలేదు. మా పెళ్ళైన కొత్తలో ఆయన సౌదీ నుంచి రాసినవి అన్నీ అందులోకే మార్చుకున్నారు.)

ఎన్నాళ్ళైందమ్మా? ...వచ్చే నెలకి రెండేళ్ళా. సరే, కంగారు పడకండి, టైముంది, కానీ రేపటికి పెట్టొద్దు. మిగతా వాళ్ళు కూడా వినండి, గూగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది, మనం కొన్ని నెలలు పలక్కపోతే మన డేటా ఫలానా వాళ్ళకి ఇవ్వు అని బతికుండగానే రాసి పెట్టొచ్చు, పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు, ఇంటికి పోయి పెట్టుకోండి. అమ్మా, మీ సంగతి వేరే. పాస్‌వర్డ్ ఉన్నా కొత్త చోట నుంచి లాగిన్ అయితే ఆయన నంబర్‌కి ఓటీపీ అడగొచ్చు. ఆ సిమ్ ఉందా? రీచార్జ్ చేస్తా ఉన్నారా? మంచి పని చేశారు తల్లీ, తొంభై రోజులు వాడకుండా వదిలేస్తే నంబర్ ఇంకొకరికి పోయే దారి పడతది, చాలామంది మొదట ఆ సిమ్మే పారేస్తారు. ఆయన ఫోన్ ఎక్కడుంది ఇప్పుడు? ...బ్యాగులోనే ఉందా? చార్జింగ్ ఉందా?

అయితే ఇట్లా ముందుకి రండమ్మా, ఆ కుర్చీ ఇటు వెయ్యండి బాబూ. నా ల్యాప్‌టాప్ ఉంది, ఈ హాల్ వైఫై సరిపోతది. ఆయన ఫోన్లోనే జీమెయిల్ ఒకసారి తెరవండి ముందు. మిగతా వాళ్ళు కాఫీ తాగి రండి, వెనక పెట్టారు.